గణిత పదసమస్యలలో తెలుగు వాక్యం: వేగం, బీజగణితం, సంభావ్యత

వ్యాససంగ్రహం:
పాఠశాల గణితంలో పదసమస్యను సాధించలేని విద్యార్థికి గణితం రాదని నిర్ణయించటం పరిపాటి. అయితే పదసమస్య విద్యార్థికి మొదట వాక్యంగానే ఎదురవుతుంది. ఆ వాక్యాన్ని సరిగా అన్వయించుకున్న తరువాతనే సమీకరణం ఏర్పడుతుంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు, అసమాపక క్రియలు, 'ఏసి', 'ఐనా', 'ఏ' వంటి చేర్పులు భాగహారం, గుణకారం, కుండలీకరణం, కనిష్ఠ పరిమితి వంటి గణిత సంబంధాలను సూచిస్తాయి. వేగం, బీజగణితం, సంభావ్యత అనే మూడు విభాగాల నుండి ఉదాహరణలను గ్రహించి, ఈ భాషాసూచికలను వివరించటం, త్రైరాశికం, ఛందఃప్రస్తారం, వాక్యార్థ విచారం అనే సంప్రదాయ సాధనాలు నేటి బోధనకు ఎలా ఉపకరిస్తాయో నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పదసమస్య, త్రైరాశికం, విభక్తి, అసమాపక క్రియ, ప్రస్తారం, లగక్రియ, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో గణితాన్ని వాక్యరూపంలో చెప్పే సంప్రదాయం ప్రాచీనమైనది. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహము'ను పావులూరి మల్లన 'సారసంగ్రహగణితము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లన పదకొండవ శతాబ్దివాడని అధికుల అభిప్రాయం. శాస్త్రవిషయాన్ని తెలుగు చేసిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. అందులో లెక్క పద్యరూపంలో ఉంటుంది కనుక, పద్యాన్ని అన్వయించుకోలేని పాఠకుడు లెక్కను ప్రారంభించనే లేడు. లెక్క చేయటానికి ముందు వాక్యాన్ని చదవటం నేర్వాలన్న నియమం ఆ రచనారూపంలోనే ఇమిడి ఉంది.

నేటి పరిస్థితిలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఏర్పడింది. 2022-23 విద్యాసంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిది తరగతులలో ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. ఒకే విషయాన్ని రెండు భాషలలో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. సికింద్రాబాదు వంటి నగరంలో తెలుగు, ఉర్దూ, తమిళం, మరాఠీ మాట్లాడే కుటుంబాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. వీరిలో ఒక విద్యార్థి లెక్క తప్పినప్పుడు, తప్పింది గణనలోనా, వాక్యబోధలోనా అని తేల్చుకోవటం ఉపాధ్యాయునికి అవసరం. రెండవదాన్ని మొదటిదిగా పొరబడితే, భాషలో సాయం కావలసిన విద్యార్థికి కూడికలు, గుణకారాలు మళ్ళీ చేయించటం జరుగుతుంది. ఆ శ్రమ వల్ల అతని ఇబ్బంది తీరదు.

2. 'కు' ప్రత్యయం – నాలుగు గణితార్థాలు:
సంప్రదాయ వ్యాకరణం కి, కు ప్రత్యయాలను షష్ఠీ విభక్తిలో చేర్చింది. పదసమస్యలలో అత్యధికంగా కనిపించే ప్రత్యయం ఇదే. సందర్భాన్ని బట్టి ఇది కనీసం నాలుగు విధాలైన సంబంధాలను తెలుపుతుంది.

అ) "గంటకు 60 కిలోమీటర్లు": ఇక్కడ 'కు' చేరిన పదం హారం. దూరాన్ని కాలంతో భాగించగా వచ్చిన రేటు ఇది.
ఆ) "కుమారుని వయస్సుకు ఐదు రెట్లు": ఇక్కడ 'కు' చేరిన పదం గుణకారానికి ఆధారమైన రాశి.
ఇ) "ముగ్గురికి ఆరు రోజులు పడుతుంది": పైకి ఇది మొదటిదానిని పోలి ఉన్నా, ఇందులో భాగహారం లేదు. ఒక్కొక్కరికి రెండు రోజులని అర్థం కాదు. మొత్తం పని పద్దెనిమిది మనిషి-దినాలని అర్థం.
ఈ) "ఏడు గంటలకు బయలుదేరింది": ఇది కాలబిందువు. "ఏడు గంటలలో చేరింది" అన్నప్పుడు కాలపరిమాణం.

మూడవ అర్థాన్ని మొదటి అర్థంగా తీసుకొన్న విద్యార్థి, ముగ్గురు ఆరు రోజులలో కట్టే గోడను తొమ్మిదిమంది పద్దెనిమిది రోజులలో కడతారని వ్రాస్తాడు. అతడు చేసిన గుణకారంలో లోపం లేదు. ప్రత్యయార్థాన్ని నిర్ణయించటంలోనే లోపం ఉంది. సరియైన సమాధానం 18 ÷ 9 = 2 రోజులు.

'కు' ప్రత్యయంతోపాటు తెలుగుకు గల మరొక విశేషం విభాజక సంఖ్యావాచకం. "ఐదుగురు పిల్లలకు మూడు పండ్లు ఇచ్చారు" అంటే మొత్తం పండ్లు మూడు. "ఐదుగురు పిల్లలకు మూడేసి పండ్లు ఇచ్చారు" అంటే పదిహేను. 'ఏసి' అనే ఒక్క చేర్పు గుణకారాన్ని సూచిస్తున్నది. 'చొప్పున' అనే పదం కూడా ఇటువంటిదే. ద్విభాషా పుస్తకంలో ఆంగ్లపాఠం ఒక ప్రత్యేక పదంతో చెప్పే ఈ అర్థాన్ని తెలుగు పాఠం ప్రత్యయంలో ఇముడ్చుతుంది. ప్రత్యయాన్ని గమనించక దాటిపోయే పాఠకునికి గుణకారం కనిపించదు.

3. వేగం – త్రైరాశికం:
క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే త్రైరాశిక నియమం ఉంది. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు రాశులు తెలిసినప్పుడు ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ఇచ్ఛాఫలం లభిస్తుంది. ఇందులో ప్రమాణం, ఇచ్ఛ ఒకే జాతికి చెందిన రాశులు కావాలి. ఈ నియమం గణనవిధానాన్ని మాత్రమే చెప్పి ఊరుకోదు. వాక్యంలోని ప్రతి సంఖ్యకూ ఒక పేరు పెట్టి, ఒక స్థానంలో ఉంచమంటుంది. ఫలితంగా అన్వయం ముందు, గణన తరువాత జరుగుతాయి. పైన చెప్పిన గోడ లెక్క వ్యస్తత్రైరాశికం. ఇచ్ఛ పెరిగితే ఫలం తగ్గుతుంది కనుక అక్కడ ప్రమాణఫలాలను గుణించి ఇచ్ఛతో భాగించాలి.

1874లో వాడి నుండి రైలుమార్గం ఏర్పడినప్పటి నుండి సికింద్రాబాదు రైళ్ళ నగరం. 1966లో ఏర్పడిన దక్షిణమధ్య రైల్వేకు ఇదే ప్రధానకేంద్రం. ఇక్కడి విద్యార్థికి సుపరిచితమైన రైలు ప్రయాణాన్నే ఉదాహరణగా గ్రహించవచ్చు.

"సికింద్రాబాదు నుండి ఉదయం 6 గంటలకు గంటకు 60 కి.మీ. వేగంతో బయలుదేరిన రైలును, అదే మార్గంలో 7 గంటలకు గంటకు 80 కి.మీ. వేగంతో బయలుదేరిన మరొక రైలు ఎన్ని గంటలకు కలుస్తుంది?"

ఇది ఒకే వాక్యం. సమాచారమంతా 'బయలుదేరిన' అనే రెండు క్రియాజన్య విశేషణాల వెనుక ఇమిడి ఉన్నది. "6 గంటలకు గంటకు 60 కి.మీ." అన్నచోట వెంటవెంటనే వచ్చిన రెండు 'కు' ప్రత్యయాలలో మొదటిది కాలబిందువు, రెండవది హారం. 'రైలును' అనే ద్వితీయావిభక్తి వల్ల మొదటి రైలు కర్మ అనీ, వెనుక నుండి వచ్చి కలిసేది రెండవదనీ తెలుస్తున్నది. ఈ వాక్యాన్ని చిన్న వాక్యాలుగా విడగొట్టవచ్చు:

మొదటి రైలు 6 గంటలకు బయలుదేరింది. దాని వేగం గంటకు 60 కి.మీ. రెండవ రైలు 7 గంటలకు బయలుదేరింది. దాని వేగం గంటకు 80 కి.మీ. 7 గంటలకు మొదటి రైలు 60 కి.మీ. ముందున్నది. గంట గంటకూ ఆ దూరం 20 కి.మీ. చొప్పున తగ్గుతుంది.

ఇంతవరకు వచ్చిన తరువాత మిగిలింది 60 ÷ 20 = 3 అనే భాగహారం. కాని సమాధానం 3 కాదు. ప్రశ్న "ఎన్ని గంటలకు" అన్నది కాని "ఎన్ని గంటలలో" అనలేదు. కనుక సమాధానం ఉదయం 10 గంటలు. సరిచూసుకొంటే, మొదటి రైలు 4 గంటలలో 240 కి.మీ., రెండవ రైలు 3 గంటలలో 240 కి.మీ. ప్రయాణించి ఉంటాయి.

ఇదే విభాగంలో సమాసార్థం వల్ల వచ్చే చిక్కు ఒకటి ఉన్నది. 120 కి.మీ. దూరంలోని ఊరికి గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్ళి, 60 కి.మీ. వేగంతో తిరిగివచ్చిన వాహనం సగటు వేగమెంత? పలువురు 50 అంటారు. ప్రయాణకాలం 3 + 2 = 5 గంటలు, మొత్తం దూరం 240 కి.మీ. కనుక సగటు వేగం గంటకు 48 కి.మీ. 'సగటు వేగము' విశేషణపూర్వపద కర్మధారయం. ప్రయాణమంతటికీ కలిపి చెప్పే ఒకే వేగం దాని అర్థం. విద్యార్థి దానిని 'వేగముల సగటు' అనే షష్ఠీతత్పురుషంగా గ్రహించి రెండు వేగాలను కూడి సగం చేస్తున్నాడు. 'సరాసరి వేగం' అన్నప్పుడు ఇంకొక సందిగ్ధత చేరుతుంది. వ్యవహారంలో 'సరాసరి' అనే పదానికి 'నేరుగా' అనే అర్థం కూడా ఉన్నది కదా.

2023 జనవరి 15న ప్రారంభమైన సికింద్రాబాదు–విశాఖపట్నం వందేభారత్ రైలు సుమారు 700 కి.మీ. దూరాన్ని ఎనిమిదిన్నర గంటలలో చేరేవిధంగా రూపొందించారు. దాని సగటు వేగం గంటకు సుమారు 82 కి.మీ. నడుమ స్టేషన్లలో ఆగిన కాలం కూడా ఈ ఎనిమిదిన్నర గంటలలో చేరి ఉన్నది. అందువల్ల రైలు ప్రతి క్షణంలోనూ సరిగ్గా ఆ వేగంతోనే నడుస్తున్నదని చెప్పలేము. ఈ ఉదాహరణతో కర్మధారయార్థం విద్యార్థికి స్పష్టపడుతుంది.

4. బీజగణితం – అసమాపక క్రియ, కుండలీకరణం:
"ఒక సంఖ్యకు 4 కలిపి 3తో గుణించగా 27 వచ్చింది."
"ఒక సంఖ్యను 3తో గుణించి 4 కలుపగా 25 వచ్చింది."

సంఖ్యను 'స' అనుకొంటే మొదటిది (స + 4) × 3 = 27; రెండవది 3స + 4 = 25. మొదటిదానిలో స = 5, రెండవదానిలో స = 7. 'కలిపి', 'గుణించి' అనే క్త్వార్థక రూపాలు ఏ ప్రక్రియ ముందు పూర్తికావాలో చెబుతున్నాయి. ముందు పూర్తయిన ప్రక్రియను గణితం కుండలీకరణంలో ఉంచుతుంది. తెలుగు వాక్యంలో ప్రక్రియలు జరిగే క్రమమూ, చదివే క్రమమూ ఒక్కటే. ఆంగ్లంలో ఇదే భావాన్ని నామపదబంధంగా చెప్పినప్పుడు చివరి ప్రక్రియ ముందుగా, మొదటి ప్రక్రియ తరువాత వస్తాయి. ద్విభాషా పుస్తకం చేతిలో ఉన్న విద్యార్థికి ఈ విషయంలో తెలుగు పాఠమే సులభమైన మార్గం.

రెట్ల విషయంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకు ఆరు రెట్లు విద్యార్థులు ఉన్నారనే వాక్యాన్ని సమీకరణంగా వ్రాయమని అమెరికాలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థులను అడిగారు. మూడింట ఒకవంతుకు పైగా తప్పు వ్రాశారు; వారిలో అధికులు '6 × విద్యార్థులు = అధ్యాపకులు' అని తలక్రిందులుగా వ్రాశారు. క్లెమెంట్, లోఖ్‌హెడ్, మాంక్ అనే పరిశోధకులు 1981లో దీనిని ప్రకటించారు. ఆంగ్లవాక్యంలోని పదక్రమాన్నే సమీకరణంలోకి దింపటం ఇందుకు ఒక కారణమని వారి వివరణ. తెలుగులో 'అధ్యాపకులకు' అనే పదంలోని 'కు' గుణింపబడే రాశి ఏదో స్పష్టంగా చూపుతుంది. "వి = 6 × అ" అని వ్రాసి, అ = 1 అయినప్పుడు వి = 6 అవుతున్నదా అని సరిచూసుకోవటం విద్యార్థికి అలవాటు కావాలి. "మూడు రెట్లు ఎక్కువ" అనే ప్రయోగం మూడింతలనా, నాలుగింతలనా అనే సందేహానికి తావిస్తుంది. ప్రశ్నపత్ర రచయితలు దానిని విడిచి "మూడు రెట్లు" అని మాత్రమే వ్రాయటం ఉచితం.

వయస్సు లెక్కలలో అధ్యాహారం ముఖ్యం. "ఆరేళ్ళ క్రితం తండ్రి వయస్సు కుమారుని వయస్సుకు ఐదు రెట్లు. పన్నెండేళ్ళ తరువాత రెండు రెట్లు అవుతుంది." రెండవ వాక్యంలో కర్త లేదు, ఆధారం లేదు. పాఠకుడు మొదటి వాక్యం నుండి తెచ్చుకోవాలి. అంతేకాక, 'పన్నెండేళ్ళ తరువాత' అనేది నేటి నుండి కాని ఆరేళ్ళ క్రితం నుండి కాదు. తండ్రి ప్రస్తుత వయస్సు 'త', కుమారుని ప్రస్తుత వయస్సు 'క' అనుకొంటే:

త − 6 = 5(క − 6)
త + 12 = 2(క + 12)

మొదటిదాని నుండి త = 5క − 24; రెండవదాని నుండి త = 2క + 12. రెండింటినీ సమానం చేయగా 3క = 36. కనుక కుమారునికి 12 సంవత్సరాలు, తండ్రికి 36 సంవత్సరాలు.

అవ్యక్తరాశిని భారతీయ బీజగణితం 'యావత్తావత్' అన్నది. 'ఎంతయో అంత' అని దాని భావం. ఒకటి కంటె ఎక్కువ అవ్యక్తాలున్నప్పుడు కాలకం, నీలకం వంటి వర్ణనామాలను వాడి, వాటి మొదటి అక్షరాలతో సూచించేవారు. తెలుగులోని 'ఎంత–అంత' జంట విద్యార్థి నోట ప్రతిదినమూ పలికేదే. "కుమారుని వయస్సు ఎంతో, దానికి ఐదు రెట్లు తండ్రి వయస్సు" అని చెప్పించితే, చరరాశి అనే భావన పరిభాష కంటె ముందే అతనికి అందుతుంది.

5. సంభావ్యత – ప్రస్తారం:
రెండు నాణేలను ఎగురవేసినప్పుడు ఒక బొమ్మ, ఒక బొరుసు పడే సంభావ్యత ఎంత? రెండు బొమ్మలు, రెండు బొరుసులు, ఒక్కొక్కటి అని మూడు ఫలితాలను లెక్కించి మూడింట ఒకవంతు అనటం సాధారణంగా జరిగే పొరపాటు. ఈ పొరపాటుకు పెద్దల ఉదాహరణ కూడా ఉంది. ఫ్రెంచి గణితవేత్త దాలంబేర్ 1754లో విజ్ఞానసర్వస్వానికి వ్రాసిన వ్యాసంలో, రెండుసార్లు ఎగురవేస్తే ఒకసారైనా బొమ్మ పడే సంభావ్యత 3/4కు బదులు 2/3 అని వాదించాడు.

ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థికి ఈ భ్రాంతి కలుగనవసరం లేదు. రెండక్షరాల గణాలు నాలుగు: గగము, వగణము (లగ), హగణము (గల), లలము. వగణం, హగణం వేరువేరు గణాలని అతనికి తెలుసు. గురువును బొమ్మగా, లఘువును బొరుసుగా భావిస్తే, ఒక బొమ్మ, ఒక బొరుసు రెండు విధాలుగా పడుతాయి. సంభావ్యత 2/4, అనగా 1/2.

మూడు నాణేలకు మూడక్షరాల ఎనిమిది గణాలు సరిపోతాయి. మూడు గురువులు మగణంలో. రెండు గురువులు య, ర, త గణాలలో. ఒక గురువు భ, జ, స గణాలలో. గురువు లేనిది నగణం. ఈ విభాగం 1, 3, 3, 1. ఛందశ్శాస్త్రంలోని షట్ప్రత్యయాలలో 'సంఖ్య' మొత్తం భేదాలను, 'లగక్రియ' ఇన్ని గురువులు గల భేదాలెన్నో చెబుతాయి. సంభావ్యతకు కావలసిన హారం మొదటిది, లవం రెండవది. మహావీరాచార్యుడు భేదాలను ఎంచే సాధారణ సూత్రాన్ని కూడా ఇచ్చాడు.

ఇక్కడ తెలుగు నిపాతాల పాత్ర గమనింపదగినది.

అ) "ఒక బొమ్మే పడటం": 'ఏ' అవధారణార్థకం. భ, జ, స గణాలు మాత్రమే, 3/8.
ఆ) "ఒక బొమ్మైనా పడటం": 'ఐనా' కనిష్ఠ పరిమితి. నగణం తప్ప అన్నీ, 7/8.
ఇ) "ఒక బొమ్మకు మించకుండా పడటం": గరిష్ఠ పరిమితి. భ, జ, స, న గణాలు. 4/8, అనగా 1/2.

పాఠ్యపుస్తకాలలో 'కనీసం ఒక బొమ్మ' అనే ప్రయోగం ఉంటుంది. దానిని 'ఒక్కటైనా' అని మార్చి చెప్పించటం, 'ఒక్కటీ లేకపోవటం' దానికి వ్యతిరేకమని గుర్తింపజేయటం వల్ల 1 − 1/8 = 7/8 అనే సులభమార్గం దొరుకుతుంది.

'లేదా' అనే పదం కూడా పరిశీలింపదగినది. పేకముక్కలలో ఒకదానిని తీసినప్పుడు అది ఆఠీను లేదా రాజు కావటానికి సంభావ్యత అడిగితే, 13 + 4 = 17 అని కాక, ఆఠీను రాజు రెండుసార్లు లెక్కకు వచ్చినందున 16 అని గ్రహించాలి. సమాధానం 16/52, అనగా 4/13. వ్యవహారంలో "కాఫీ లేదా టీ" అన్నప్పుడు రెండింటిలో ఒకటే అని అర్థం. గణితంలో రెండూ కలిసిన సందర్భం కూడా చేరుతుంది. ఈ భేదాన్ని ఉపాధ్యాయుడు స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

గుణకార న్యాయానికి దేశిఛందస్సు మంచి అభ్యాసం. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6. ఆటవెలది బేసిపాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కనుక గణక్రమ భేదాలు 2 × 2 × 2 × 6 × 6 = 288. సరిపాదంలో ఐదూ సూర్యగణాలే కనుక 32. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కనుక మళ్ళీ 288.

అయితే ఒక పరిమితిని చెప్పుకోవాలి. ప్రస్తారం భేదాలను ఎంచుతుంది. అన్ని భేదాలూ సమసంభవాలని చెప్పదు. నాణెం నిష్పాక్షికమైనప్పుడే ప్రస్తారసంఖ్య హారంగా నిలుస్తుంది. పద్యంలోని గణాలు కవి ఎన్నుకొన్నవి. అవి యాదృచ్ఛికాలు కావు.

6. బోధనకు మూడు మెట్లు:
వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని మన శాస్త్రకారులు చెప్పారు. పదసమస్యకు వీటిని ఈ విధంగా అన్వయించవచ్చు.

సన్నిధి: పొడవైన వాక్యాన్ని చిన్న వాక్యాలుగా విడగొట్టి, ప్రతి సంఖ్యను దానికి చెందిన పదంతో చేర్చటం. ఏ 'కు' ఏ అర్థంలో ఉన్నదో ఇక్కడే తేలాలి.

ఆకాంక్ష: వాక్యం అడుగుతున్నదేమిటి, అధ్యాహారంగా తెచ్చుకోవలసినదేమిటి అని నిర్ణయించటం. "ఎన్ని గంటలకు", "ఎన్ని గంటలలో" అనే భేదం ఈ మెట్టుకు చెందుతుంది.

యోగ్యత: లభించిన సమాధానం పొసగుతున్నదా అని చూడటం. "నిప్పుతో తడుపుతున్నాడు" అనే వాక్యంలో పదాలన్నీ ఉన్నా యోగ్యత లేదని తర్కపాఠం చెబుతుంది. సంభావ్యత 5/4 రావటం, కుమారుని వయస్సు తండ్రి వయస్సును మించటం, 40, 60 వేగాల ప్రయాణానికి సగటు 70 రావటం ఇటువంటివే.

మూడు మెట్లలో మొదటి రెండింటికి తెలుగు ఉపాధ్యాయుని సహకారం కావాలి. ద్విభాషా పుస్తకంలోని ఒకే సమస్యను రెండు భాషలలో చదివించి, ఆంగ్లంలో విడిపదంగా ఉన్నది తెలుగులో ఏ ప్రత్యయంగా మారిందో గుర్తింపజేసే అభ్యాసం రెండు భాషలకూ, గణితానికీ ఉపయుక్తం.

7. ముగింపు:
1. పదసమస్యలోని తప్పు గణనదోషమా, అన్వయదోషమా అని వేరుచేయటం బోధనలో మొదటి పని. గోడ లెక్కలో, సగటు వేగంలో కనిపించినవి అన్వయదోషాలు.
2. 'కు' ప్రత్యయం హారం, గుణకారాధారం, కార్యకర్త, కాలబిందువు అనే నాలుగు అర్థాలలో వస్తుంది. 'ఏసి', 'చొప్పున' గుణకారాన్ని సూచిస్తాయి.
3. క్త్వార్థక రూపాలు బీజగణితంలోని కుండలీకరణానికి సమానమైన పని చేస్తాయి. ఈ అంశంలో తెలుగు వాక్యం గణితక్రమానికి సన్నిహితంగా ఉన్నది.
4. 'ఏ', 'ఐనా' అనే చేర్పులు సంభావ్యతలో ఖచ్చిత, కనిష్ఠ పరిమితులను తెలుపుతాయి. ప్రస్తారం, లగక్రియ సమసంభవ ఫలితాలను ఎంచటానికి సాధనాలుగా ఉపయోగపడతాయి.
5. ప్రశ్నపత్రాలు, ద్విభాషా పాఠ్యపుస్తకాలు రూపొందించేటప్పుడు గణితాచార్యులతోపాటు భాషావేత్తలు కూడా వాక్యాలను పరిశీలించటం అవసరం. తెలుగు శాఖలలోని పరిశోధకులు పాఠ్యపుస్తక పదసమస్యల వాక్యనిర్మాణాన్ని తరగతులవారీగా వర్గీకరిస్తే, ఏ తరగతిలో ఏ ప్రత్యయార్థాన్ని ముందుగా బోధించాలో నిర్ణయించుకొనే వీలు ఉపాధ్యాయునికి కలుగుతుంది.